"కారం" వెతికితే "అధికారం" దొరుకుతోందా? నోట్‌ప్యాడ్++లో తెలుగు వెతుకులాటకు స్క్రిప్టు

గుంటూరు మిర్చి యార్డు ధరల మీద రాసుకున్న నోట్సు, వార్తలు అన్నీ ఒకే ఫోల్డర్లో ఉన్నాయనుకోండి. నోట్‌ప్యాడ్++ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో "కారం" అని వెతికితే అధికారం, సహకారం, ప్రకారం, ఆకారం వరుస కడతాయి. అసలు కావలసిన "కారాన్ని", "కారప్పూస" మాత్రం రావు. విజయవాడలో పుస్తకాల ప్రూఫులు దిద్దేవాళ్లకూ ఇదే గొడవ. "పిడుగురాళ్ల" అని వెతికితే "పిడుగురాళ్ళ" అని కంపోజ్ చేసిన పేజీ తప్పించుకుపోతుంది.

ఎడిటర్ మన కంటికి కనిపించే అక్షరాన్ని పోల్చదు, దాని వెనకున్న కోడ్‌ల వరుసను పోలుస్తుంది. "ప్ర" మనకు ఒక అక్షరం, ఎడిటర్‌కు మూడు కోడ్‌లు: ప, పొల్లు, ర. "సాఫ్ట్‌వేర్" అన్న మాట మధ్యలో కంటికి కనిపించని నాన్ జాయినర్ ఉంటే ఒక మాట, లేకపోతే వేరే మాట.

దీనికి చాలామంది ఫైళ్లన్నిటినీ ఒకే వర్ణక్రమంలోకి మార్చేద్దామనుకుంటారు. అది వద్దు. వేరొకరి రాతను వెతకడం కోసం మార్చకూడదు, పైగా రేపు వచ్చే ఫైలు మళ్లీ పాత తీరులోనే వస్తుంది. ఫైలును ముట్టుకోకుండా, వెతికే మాటనే సాగదీసి ఇవ్వాలి. ఈ మార్గదర్శిలో కట్టే స్క్రిప్టు చేసేది ఆ ఒక్క పనే: మీరిచ్చిన మాట నుంచి ఒక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ పాటర్న్ (ఉత్త మాట బదులు షరతులతో రాసే వెతుకులాట సూత్రం) తయారుచేసి క్లిప్‌బోర్డులో పెడుతుంది. వెతకడం ఎడిటర్ చూసుకుంటుంది.

మెనూల పేర్లు, ఫంక్షన్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి. పాటర్న్‌లలోని తెలుగు అక్షరాలు, గుర్తులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

మొదలుపెట్టే ముందు

ఫైలు తెరవగానే కింద కుడివైపు ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి) చూడండి. యూటీఎఫ్-8 అని ఉండాలి. ఆన్సీ అని ఉన్న కొత్త ఫైల్లో తెలుగు పేస్ట్ చేసి సేవ్ చేస్తే అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు మిగులుతాయి. అవి మళ్లీ అక్షరాలు కావు.

పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసిన మ్యాటర్ యూనికోడ్ కాదు. నోట్‌ప్యాడ్++లో అది పిచ్చి గుర్తుల్లా కనిపిస్తుంది. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, అప్పటిదాకా ఈ స్క్రిప్టుతో పని లేదు. వర్డ్ డాక్స్ ఫైళ్లదీ అదే సంగతి: అవి లోపల జిప్ చేసి ఉంటాయి కాబట్టి "ఫైండ్ ఇన్ ఫైల్స్" వాటిలోని మాటలను చూడలేదు. టెక్స్ట్‌గా సేవ్ చేసుకోండి.

ముందు చేత్తో కట్టి చూడండి

స్క్రిప్టు రాసే ముందు పాటర్న్ ఎలా పనిచేస్తుందో చేత్తో కట్టి చూస్తే, తర్వాత తేడా వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. కంట్రోల్+ఎఫ్ నొక్కి, కింద సెర్చ్ మోడ్‌లో "రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్" ఎంచుకోండి. పక్కనున్న "డాట్ మ్యాచెస్ న్యూలైన్" టిక్కు తీసేయండి.

మిర్చి రకం "తేజ" కోసం వెతుకుదాం. ఊరికే తేజ అని కొడితే "ఉత్తేజం" కూడా వస్తుంది. అందులోని "తే" త వత్తు మీద నిలబడింది, అంటే దాని ముందు పొల్లు ఉంది. ముందు పొల్లు ఉంటే వద్దని చెప్పాలి:

`(?<!్)తేజ`

ఇప్పుడు ఉత్తేజం పోయింది, "తేజం", "తేజోమయం" ఇంకా వస్తున్నాయి. తేజ తర్వాత గుణింతపు గుర్తు గానీ సున్న గానీ ఉంటే అది మనకు కావలసిన "జ" కాదు. ఆ సంగతీ చెప్పాలి:

`(?<!్)తేజ(?![ఁ-ఃా-ౖ])`

చదరపు బ్రాకెట్లలో రెండు వరుసలున్నాయి: అరసున్న నుంచి విసర్గ దాకా ఒకటి, దీర్ఘం గుర్తు నుంచి ఐత్వం కింది గుర్తు దాకా ఇంకొకటి. పొల్లు రెండో వరుసలోనే ఉంది కాబట్టి "తేజ్" కూడా ఆగిపోతుంది. "తేజస్విని" మాత్రం వస్తుంది, ఎందుకంటే అక్కడ జ తర్వాత మామూలు స ఉంది. దాన్నీ ఆపితే "తేజకు", "తేజలో" కూడా పోతాయి. ఆపకండి.

బ్రాకెట్లలో గుణింతపు గుర్తులు టైపు చేస్తుంటే అవి పక్క గుర్తుకు అతుక్కుపోయి, చుక్కల వలయంతో వికారంగా కనిపిస్తాయి. కంగారు పడక్కర్లేదు, కోడ్ సరిగానే ఉంటుంది. కర్సర్ ఎక్కడుందో తెలియకపోతే బ్యాక్‌స్పేస్‌తో తంటాలు పడే కన్నా మొత్తం చెరిపి మళ్లీ కొట్టడమే త్వరగా తెములుతుంది.

ఇక కారం. మాట మొదట్లోనే ఉండాలంటే దాని ముందు ఏ తెలుగు అక్షరమూ ఉండకూడదు. తెలుగు అక్షరాలన్నీ `[ఁ-౯]` వరుసలోకి వస్తాయి. చివరి సున్న విభక్తి చేరగానే మారిపోతుంది: కారము, కారాన్ని, కారపు. అందుకని "కార" దాకా ఉంచి, కొసను విడిగా రాయాలి:

`(?<![ఁ-౯])కార(?:ం|ము|మ్|ప[ు్]|ా(?=[నల]))`

చివరి ముక్కలో దీర్ఘం తర్వాత న గానీ ల గానీ ఉండాలన్న షరతు ఎందుకంటే, అది లేకపోతే "కారాగారం" వచ్చి పడుతుంది. షరతు ఉంటే కారాన్ని, కారానికి, కారాలు వస్తాయి. కారాలూ మిరియాలూ నూరేవాళ్లు కూడా వస్తారు. "ప" తర్వాత ఉకారంతో పాటు పొల్లును కూడా పెట్టింది కారప్పూస కోసం.

డైలాగులో "మ్యాచ్ హోల్ వర్డ్ ఓన్లీ" అనే టిక్కు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మోడ్‌లో పనిచేయదు, మసకబారి ఉంటుంది. మన స్క్రిప్టు రాసే పైథాన్ భాషలో మాట సరిహద్దును చెప్పే "బ్యాక్‌స్లాష్ బి"ని కూడా తెలుగుకు వాడకండి. పైథాన్ మామూలు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మాడ్యూల్ గుణింతపు గుర్తులను అక్షరాల కింద లెక్కవేయదు, "విజయవాడ"ను మధ్యలోనే ముక్కలు చేస్తుంది.

జాబితా ఫైలు

ఒకే మాటకు ఉన్న వేర్వేరు రూపాలను స్క్రిప్టులో రాయకండి. విడిగా ఒక టెక్స్ట్ ఫైల్లో పెట్టండి. కోడ్ తెలియనివాళ్లు కూడా అందులో కొత్త వరుస చేర్చుకోగలగాలి. వరుసకు ఒక గుంపు, మాటల మధ్య ఖాళీ. మాటలోనే ఖాళీ ఉంటే దాని బదులు కింది గీత:

ళ్ల ళ్ళ
ర్ర ఱ్ఱ
ఐ అయి
ఔ అవు
కథ కధ
బాధ భాధ భాద బాద
మిర్చి మిర్చీ మిరప
ప్రత్తి పత్తి
క్వింటాల్ క్వింటా
విజయవాడ బెజవాడ
నరసరావుపేట నర్సరావుపేట నరసరావు_పేట
సత్తెనపల్లి సత్తెనపల్లె

"ళ్ల ళ్ళ" ఒక్క వరుసతోనే పెళ్లి, కాళ్లు, నీళ్లు, పిడుగురాళ్ల అన్నీ దారికొస్తాయి. మొదట చేర్చాల్సింది అదే.

అక్షరాల గుంపులను పొదుపుగా వాడాలి. శ, ష, స మూడింటినీ ఒకే గుంపులో పెడితే హాయిగా ఉంటుందనిపిస్తుంది, కానీ "ఆశ" వెతికినప్పుడల్లా "ఆస" ఉన్న మాటలన్నీ (ఆసక్తి, ఆసరా, ఆసనం) దిగుతాయి. రెండు రూపాలూ ఒప్పే చోట, ళ్ల-ళ్ళ లాంటివి, అక్షరాల గుంపు పెట్టండి. తప్పు రాతలను "బాధ భాద" లాగా మాటల గుంపుగానే పెట్టండి. థ, ధ కూడా అంతే: అర్థం వేరు, అర్ధం వేరు.

ఊళ్ల విషయంలో ఒక హెచ్చరిక. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక నరసరావుపేట పల్నాడు జిల్లాలోకి, విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. పాత ఫైళ్లలో గుంటూరు జిల్లా, కృష్ణా జిల్లా అనే ఉంటుంది. అందుకని "గుంటూరు పల్నాడు" అని ఒక వరుస చేర్చాలనిపిస్తుంది. చేర్చకండి. గుంటూరు మీద వెతికిన ప్రతిసారీ పల్నాడంతా వస్తుంది. ఊరి పేరుతోనే వెతకండి.

ఫైలును యూటీఎఫ్-8లో సేవ్ చేయండి, "యూటీఎఫ్-8 బామ్" వద్దు. బామ్ ఉంటే ఫైలు మొదట్లో 65279 నంబరు గల కనిపించని గుర్తు చేరి మొదటి వరుసలోని మొదటి మాటకు అతుక్కుంటుంది. జాబితా అంతా పనిచేస్తూ మొదటి వరుస ఒక్కటీ మొరాయిస్తుంటే కారణం ఇదే. స్క్రిప్టులో ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ "యూటీఎఫ్-8-సిగ్" అని ఇస్తే బామ్ ఉన్నా లేకపోయినా ఇబ్బంది ఉండదు.

పైథాన్ స్క్రిప్ట్ ప్లగిన్

"ప్లగిన్స్" మెనూలో "ప్లగిన్స్ అడ్మిన్" తెరిచి "పైథాన్ స్క్రిప్ట్" వెతికి ఇన్‌స్టాల్ చేయండి, ఎడిటర్ మూసి తెరవండి. తర్వాత "ప్లగిన్స్", "పైథాన్ స్క్రిప్ట్", "షో కన్సోల్". కన్సోల్ మొదటి వరుసలో పైథాన్ వెర్షన్ ఉంటుంది. ప్లగిన్ 2తో మొదలైతే పైథాన్ 2.7, 3తో మొదలైతే పైథాన్ 3. తెలుగుకు 3 తీసుకోండి, ప్లగిన్స్ అడ్మిన్ 2 ఇస్తే 3ను ప్లగిన్ గిట్‌హబ్ పేజీ నుంచి దించుకోండి. 2.7లో మామూలు స్ట్రింగ్ అంటే బైట్ల వరుస, ఒక్కో తెలుగు కోడ్ యూటీఎఫ్-8లో 3 బైట్లు. "విజయవాడ" 7 కోడ్‌లు, 21 బైట్లు. అక్షరం అక్షరం నడిచే స్క్రిప్టు అక్కడ బైటు బైటు నడిచి పాటర్న్‌ను పాడు చేస్తుంది.

ఎడిటర్ లోపల స్థానాల లెక్క ఏ వెర్షన్‌లోనైనా బైట్లలోనే ఉంటుంది. పైథాన్‌లో దొరికిన స్థానాన్ని తెచ్చి ఎడిటర్‌లో సెలెక్షన్ పెడితే, తెలుగు ఫైల్లో అది ఎక్కడో అక్షరం మధ్యలో పడుతుంది. మన స్క్రిప్టు పాటర్న్ ఇచ్చి ఊరుకోవడానికి ఇదొక కారణం. రెండో కారణం, అదే పాటర్న్ "ఫైండ్ ఇన్ ఫైల్స్"కూ పనికొస్తుంది.

స్క్రిప్టు, మెట్టు మెట్టుగా

"న్యూ స్క్రిప్ట్" నొక్కి పేరిచ్చి సేవ్ చేయండి. మెట్ల వరుస మార్చకండి.

1. మాట తీసుకోవాలి. ఎడిటర్‌లో ఏదైనా సెలెక్ట్ అయి ఉంటే ఎడిటర్ డాట్ గెట్‌సెల్‌టెక్స్ట్‌తో అదే. ఖాళీ అయితే నోట్‌ప్యాడ్ డాట్ ప్రాంప్ట్‌తో అడగాలి. ప్రాంప్ట్‌ను రద్దు చేస్తే స్క్రిప్టు అక్కడితో ఆగాలి.

2. మాట మొదట సమం గుర్తు (=) ఉంటే అది "మాట మొదట్లోనే వెతుకు" అన్న సంకేతం. గుర్తుపెట్టుకుని దాన్ని తీసేయాలి.

3. శుభ్రం చేయాలి. 8203, 8204, 8205, 65279 నంబర్ల గుర్తులను తీసేయండి. 160ని మామూలు ఖాళీగా మార్చండి. వర్డ్ నుంచి, వెబ్ పేజీల నుంచి కాపీ చేసిన మాటల్లో ఇవే దాక్కుంటాయి. తర్వాత యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్‌ను ఎన్ఎఫ్‌సీ రూపంతో పిలవండి. ఐత్వాన్ని ఒకే గుర్తుగా (3144) రాయవచ్చు, ఎత్వం (3142), కింది గుర్తు (3158) అని రెండుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, ఎన్ఎఫ్‌సీ మొదటి రూపానికి తెస్తుంది. జాబితా ఫైల్లోని మాటలనూ, కింది గీతను ఖాళీగా మార్చి, ఇదే మెట్టు దాటించాలి.

4. కొస కోయాలి. మాట సున్నతో ముగిస్తే సున్న తీసేసి, పైన కారం దగ్గర కట్టిన కొసను పక్కన పెట్టుకోండి. ఉకారంతో ముగిస్తే ఉకారం తీసేసి ఈ కొస:

`(?:[ుూ]|్(?=[లకన]|[^ఁ-౯]|$))`

దీనితో "గుంటూరు" అని ఇస్తే గుంటూరులో, గుంటూరూ, గుంటూర్లో, గుంటూర్‌లో అన్నీ వస్తాయి. పొల్లు తర్వాత ఏముండాలో షరతు పెట్టకపోతే "కారు" అని వెతికినవాళ్లకు కార్యాలయం, కార్తీకం తగులుతాయి. "ము"తో ముగిసే మాటను సున్నగా మార్చే ప్రయత్నం చేయకండి, "రాము" అనే పేరు చెడుతుంది.

5. మిగిలిన మాటను మొదటి నుంచి నడవాలి. ప్రతి చోటా జాబితాలోని ఏ మాటైనా అక్కడ మొదలవుతుందా చూసి, అయితే ఆ గుంపంతా `(?:ళ్ల|ళ్ళ)` లాగా రాసి, ఆ మాట పొడవు మేర ముందుకు జరగాలి. లేకపోతే ఉన్న అక్షరమే రాసి ఒక అడుగు వేయాలి. జాబితాను పొడవు మాటలు ముందు వచ్చేలా అమర్చుకోవాలి. "క్వింటా" ముందు తగిలితే "క్వింటాల్"లోని "ల్" బయట మిగిలిపోయి, ఉత్త "క్వింటా" అని రాసిన చోట్లు దొరకవు.

ఈ మెట్టులోనే మరో నాలుగు పనులు. ఖాళీ వస్తే `[ ]?` రాయాలి, "మిర్చి యార్డు", "మిర్చియార్డు" రెండూ దొరుకుతాయి. అంకె వస్తే `[5౫]` లాగా రెండు రూపాలూ, రెండు అంకెల మధ్య `,?` కూడా. అప్పుడు 125000 అని వెతికితే 1,25,000 దొరుకుతుంది. చుక్క, ప్లస్, నక్షత్రం, బ్రాకెట్లు, ప్రశ్నార్థకం వస్తే ముందు `\` చేర్చాలి, లేకపోతే "రూ." లోని చుక్క ఏ గుర్తుకైనా తలూపుతుంది. సమం గుర్తు లేనప్పుడు, మొదటి అక్షరానికి గసడదవాదేశం: క ఉంటే

`(?:క|(?<=[ఁ-౯])గ)`

చ-స, ట-డ, త-ద, ప-వలకూ ఇదే అచ్చు. "కాయ" అని ఇస్తే కూరగాయలు వస్తాయి. గ ముందు తెలుగు అక్షరం ఉండాలన్నాం కాబట్టి గాయం, గాయకుడు రావు. మొదటి మాట జాబితా గుంపులో ఉంటే దీన్ని వదిలేయండి.

6. తయారైన పాటర్న్‌లో ప్రతి పొల్లు తర్వాత 8204 గుర్తు (మొదట చెప్పుకున్న నాన్ జాయినర్), దాని వెంట ప్రశ్నార్థకం చేర్చాలి. పైథాన్‌లో ఆ గుర్తు సీహెచ్ఆర్(8204). ఇది కొస అతికించక ముందే జరగాలి. ముందు కొస అతికిస్తే `[ు్]` లోపలికి ప్రశ్నార్థకం దూరి, నిజం ప్రశ్నార్థకాలు కూడా దొరకడం మొదలవుతాయి.

7. నాలుగో మెట్టులో పక్కన పెట్టిన కొసను అతికించండి. సమం గుర్తు ఉంటే ముందు `(?<![ఁ-౯])`, లేకపోతే ఏమీ వద్దు.

8. ఎడిటర్ డాట్ కాపీటెక్స్ట్‌తో క్లిప్‌బోర్డులో పెట్టి, కన్సోల్ డాట్ రైట్‌తో కన్సోల్‌లో కూడా చూపించండి. ఏదైనా తేడా వచ్చినప్పుడు ముందు చూడాల్సింది ఈ కన్సోల్ వరుసనే.

షార్ట్‌కట్

"పైథాన్ స్క్రిప్ట్" మెనూలో "కాన్ఫిగరేషన్" తెరిచి స్క్రిప్టును "మెనూ ఐటమ్స్"లోకి చేర్చండి. ఎడిటర్ మూసి తెరిచాక, "సెట్టింగ్స్"లో "షార్ట్‌కట్ మ్యాపర్", అందులో "ప్లగిన్ కమాండ్స్" కింద దానికి కీలు ఇవ్వండి. కంట్రోల్+ఆల్ట్ కలయికలు వద్దు. విండోస్‌కు అది కుడి ఆల్ట్‌తో సమానం, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో దానికి వేరే పనులున్నాయి. కంట్రోల్+షిఫ్ట్‌తో ఎఫ్1 నుంచి ఎఫ్12 దాకా ఉన్న కీలలో ఏదో ఒకటి ఇవ్వండి. అది వేరే కమాండ్‌కు ఉంటే కింద పెట్టెలోనే చెబుతుంది.

వాడకం: మాట సెలెక్ట్ చేసి షార్ట్‌కట్, కంట్రోల్+ఎఫ్, కంట్రోల్+వి, ఎంటర్. ఫోల్డర్ మొత్తానికైతే కంట్రోల్+షిఫ్ట్+ఎఫ్.

పరీక్ష ఫైలు

వరుసకు ఒకటిగా ఈ పన్నెండు రాసి సేవ్ చేసుకోండి:

గుంటూరు కారం
కారాన్ని దంచి
కారంపొడి
కారప్పూస
కారము
కారాలు మిరియాలు నూరుతున్నారు
మిరపకారం
అధికారం
ప్రకారం
కారాగారం
కారు
కార్యాలయం

`=కారం` అని ఇచ్చి "కౌంట్" నొక్కితే 6 రావాలి, అంటే మొదటి ఆరు వరుసలు. సమం గుర్తు లేకుండా ఇస్తే 10. మిరపకారం, అధికారం, ప్రకారం ఎలాగూ చేరతాయి. పదోది కారాగారంలోని "గారం", గసడదవాదేశం తెచ్చిపెట్టిన చుట్టం. దాన్ని ఆపడానికి ఇంకో షరతు రాయవచ్చు గానీ, అలాంటివి పెంచుకుంటూ పోతే స్క్రిప్టు ఎవరికీ అర్థం కాకుండా పోతుంది. సమం గుర్తు ఉన్నది ఇలాంటి మాటల కోసమే. స్క్రిప్టులో ఏ మార్పు చేసినా ఈ రెండు లెక్కలు మళ్లీ చూడండి.

ఏమీ దొరకనప్పుడు

సున్నా ఫలితాలు వస్తే ముందు సెర్చ్ మోడ్ చూడండి. "నార్మల్"లో ఉంటే ఎడిటర్ బ్రాకెట్లతో సహా ఉన్న మాటను వెతుకుతుంది. ఎక్కువసార్లు తప్పు ఇక్కడే ఉంటుంది. మోడ్ సరిగ్గా ఉండి కూడా రాకపోతే కన్సోల్‌లోని పాటర్న్‌ను చివర నుంచి ముక్క ముక్కగా కోస్తూ వెతకండి. ఏ ముక్క తీయగానే ఫలితాలు వచ్చాయో తప్పు అక్కడే.

"ఇన్‌వాలిడ్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్" అంటే బ్రాకెట్ మూయలేదు, లేదా `(?<!` లోపల వేర్వేరు పొడవుల మాటలను నిలువు గీతతో కలిపారు. వెనక్కి చూసే షరతుకు పొడవు స్థిరంగా ఉండాలి. ధి, హ, ప్ర మూడింటినీ ఆపాలంటే ఒకదాని పక్కన ఒకటి రాయాలి:

`(?<!ధి)(?<!హ)(?<!ప్ర)కారం`

జాబితాలో చేర్చిన మాట పనిచేయకపోతే అది ఉకారంతోనో సున్నతోనో ముగుస్తోందేమో చూడండి. నాలుగో మెట్టు ఆ కొసను ముందే కోసేస్తుంది కాబట్టి, "యార్డు" అని జాబితాలో రాస్తే, ఉత్త "యార్డు" అని వెతికినప్పుడు అది తగలదు. "యార్డ" అని కొస లేకుండా రాయాలి.

వెతికిన ఫోల్డర్లో ఒక్క ఫైలు మాత్రమే ఎప్పుడూ తప్పిపోతుంటే, ఆ ఫైలును విడిగా తెరిచి ఎన్‌కోడింగ్ చూడండి. తెలుగు బదులు గజిబిజి గుర్తులుంటే ఎడిటర్ దాన్ని ఆన్సీ అనుకుంటోంది. "ఎన్‌కోడింగ్" మెనూలో యూటీఎఫ్-8 ఎంచుకోండి. అదే మెనూలో "కన్వర్ట్ టు యూటీఎఫ్-8" అని ఉండేది నొక్కితే ఆ గజిబిజి గుర్తులే శాశ్వతంగా ఉండిపోతాయి.